ఓడ గోడ మందం: డండీలో నా గైడ్ శిక్షణ

మావారికి స్కాట్లాండ్‌లో ఉద్యోగం వచ్చిందని, ఊరి పేరు డండీ అని ఫోన్లో చెప్పగానే నాన్న ఒక్క క్షణం ఆగారు. "డండీయా? మా మిల్లులో మెషీన్ మీద పోతపోసి ఉండే పేరు కదమ్మా అది!" అన్నారు. విజయనగరం జిల్లాలో ఒక జూట్ మిల్లులో ఆయన ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేశారు, అందులో చాలాకాలం బ్యాచింగ్ సెక్షన్‌లో. ఇంగ్లీషు పెద్దగా రాదు కానీ ఆ ఇనుప అక్షరాలు మాత్రం ఆయనకు బాగా తెలుసు. షిఫ్టు అయిపోయాక నూనె గుడ్డతో మెషీన్ తుడిచేటప్పుడు రోజూ చేతికి తగిలేవట.

మేము వచ్చింది నవంబరులో. మధ్యాహ్నం మూడున్నరకే చీకటి. పాపను నర్సరీలో దింపి, ఇంటికెళ్ళి ఏం చేయాలో తోచక టే నది ఒడ్డున నడిచేదాన్ని. అక్కడ, వీ అండ్ ఏ మ్యూజియం అనే పెద్ద కొత్త కట్టడం పక్కనే, మూడు స్తంభాల పాత కొయ్య ఓడ ఒకటి నిలబడి ఉంటుంది. పేరు డిస్కవరీ. దక్షిణ ధ్రువం వైపు వెళ్ళిన కెప్టెన్ స్కాట్ ఓడ అని బోర్డు మీద చదివాను. ఒకరోజు వాన వస్తుంటే టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్ళాను. బయటికొచ్చేటప్పుడు గైడ్లుగా వాలంటీర్లు కావాలన్న కాగితం కనిపించింది. ఆ రాత్రే ఫారం నింపాను. 'ఎందుకు చేయాలనుకుంటున్నారు?' అన్న గడిలో ఏం రాయాలో తెలియక, మా నాన్న జూట్ మిల్లు కార్మికుడు అని ఒకే వాక్యం రాశాను. ఓడకీ దానికీ సంబంధం ఏమిటని వాళ్ళు అనుకుంటారేమో అని భయపడ్డాను కూడా.

పది రోజుల తర్వాత మాట్లాడటానికి పిలిచారు. నన్ను ప్రశ్నలు అడిగినావిడ ఆ ఒక్క వాక్యం కింద గీత గీసుకుని ఉంది. నాన్న ఏ సెక్షన్‌లో పనిచేసేవారని అడిగింది. నార మీద నూనె, నీళ్ళు కలిపి చల్లి మెత్తబరిచే చోట అని చెప్పాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. అయితే ఈ ఓడ కథలో సగం మీకు ఇంట్లోనే తెలుసు అంది. నాకు అర్థం కాలేదు. అర్థం కావడానికి రెండు నెలలు పట్టింది.

శిక్షణ అంటే పరీక్షలేమీ ఉండవు. ముందు చదువుకోవడానికి ఒక లావుపాటి ఫైలు ఇస్తారు. తర్వాత వారానికి రెండు రోజులు అనుభవం ఉన్న గైడ్ వెంట తిరగాలి. ఆ తర్వాత వాళ్ళ ముందు మనం ఒక టూర్ చేసి చూపించాలి. వాళ్ళు సరే అంటే జనం ముందుకు. నన్ను ఒక పెద్దాయనకు అప్పగించారు. డెబ్భై దాటిన మనిషి. కుర్రతనంలో ఈ ఊళ్ళోనే కాలెడన్ షిప్‌యార్డ్‌లో పనిలో చేరి, 1981లో అది మూతపడేదాకా అక్కడే ఉన్నారు. ఆయన మాట నాకు మొదట్లో ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. డండీవాళ్ళు 'పై' అనే తినే వస్తువును 'పెహ్' అంటారు, 'ఐ' అనాల్సిన చోట 'ఎహ్' అంటారు. ఇంటికొచ్చి ఆయన అన్న మాటలను తెలుగు అక్షరాల్లో రాసుకుని, గట్టిగా చదువుకుని, అప్పుడు పోల్చుకునేదాన్ని. మూడో వారానికి చెవి అలవాటు పడింది.

మొదటి రోజు ఆయన నన్ను ఓడ ఎక్కించలేదు. ఊళ్ళో నడిపించారు. రేవుకు దగ్గరలో ఈస్ట్ వేల్ లేన్ అని ఒక సందు ఉంది. తిమింగలాల సందు అన్నమాట. ఒకప్పుడు ఆ చుట్టుపక్కలే తిమింగలం కొవ్వు కాచి నూనె తీసేవారు. కంపు ఊరంతా కమ్మేసేదట. అక్కడ నిలబెట్టి ఆయన నాకు అసలు సంగతి చెప్పారు.

డండీ 18వ శతాబ్దం నుంచీ ఆర్కిటిక్ సముద్రానికి తిమింగలాల వేటకు ఓడలు పంపిన ఊరు. ఆ నూనెతో దీపాలు వెలిగేవి. తర్వాత గ్యాసు దీపాలు వచ్చి నూనెకు గిరాకీ తగ్గింది. మిగతా రేవులు ఒక్కొక్కటే వేట మానుకున్నాయి. డండీ మానలేదు. ఎందుకంటే అదే కాలంలో బెంగాల్ నుంచి జనపనార వచ్చి పడింది. ఊళ్ళో అప్పటికే అవిసెనార వడికే మిల్లులున్నాయి. కానీ జనపనార ఎండు పుల్లలాగా పెళుసు, ఆ యంత్రాల్లో పెడితే తెగిపోయేది. తిమింగలం నూనె, నీళ్ళు కలిపి పట్టిస్తే మెత్తబడి యంత్రానికి లొంగుతుందని 1830లలో కనిపెట్టారు. ఇక అక్కడి నుంచి మిల్లులకు నూనె కావాలి, నూనెకు తిమింగలం కావాలి, తిమింగలానికి మంచులోకి చొచ్చుకుపోయే ఓడ కావాలి.

నేను ఆ సందులోనే నిలబడిపోయాను. నూనె, నీళ్ళు. బ్యాచింగ్. నాన్న చొక్కా వాసన.

ఆ రాత్రి ఫోన్ చేసి చెప్పాను. "ఏటీ? చేప నూనెతోనా?" అన్నారు నాన్న. చేప కాదు నాన్నా, తిమింగలం అన్నాను. వాళ్ళ మిల్లులో వాడింది డ్రమ్ముల్లో వచ్చే ఖనిజ నూనె, కిరోసిన్‌కు అన్నలాంటి వాసన. చిన్నప్పుడు నాన్న పక్కన పడుకుంటే నాకు ఆ వాసనకే నిద్ర పట్టేది. "నూనె ఏదైనా పని ఒకటేనమ్మా. పట్టించాక ఒకరోజు కప్పెట్టి మగ్గబెట్టాల. తొందరపడితే నార తిరగబడతాది" అన్నారు. మర్నాడు ఆ మాట పెద్దాయనకు చెబితే, ఆయన తన చిన్న డైరీ తీసి రాసుకున్నారు.

ఇక ఓడ దగ్గరికొస్తాను. నాకు మొదటి నుంచీ ఉన్న సందేహం ఒకటి. 1901 నాటికి గ్లాస్గో పక్కన క్లైడ్ నది మీద ఉక్కు ఓడలు బారులు తీరి తయారవుతున్నాయి. అలాంటప్పుడు ఈ ఓడను కొయ్యతో ఎందుకు కట్టారు? అది కూడా డండీలో?

కారణాలు రెండు. ఒకటి మంచు. సముద్రం గడ్డకట్టి ఓడను రెండు పక్కల నుంచీ నొక్కినప్పుడు ఉక్కు రేకు సొట్టపడి చీలుతుంది. మంచి కొయ్య కాస్త వంగి, మళ్ళీ సర్దుకుంటుంది. రెండోది అయస్కాంతం. ఆ యాత్రలో ముఖ్యమైన పని భూమి అయస్కాంత శక్తిని కొలవడం. పక్కన ఇనుము ఉంటే సూది తప్పు చూపిస్తుంది. అందుకని కొలిచే గది చుట్టూ 30 అడుగుల మేర ఇనుము, ఉక్కు లేకుండా కట్టారు. అక్కడ మేకులూ బిగింపులూ ఇత్తడివి, తాళ్ళు నారవి.

అంత పెద్ద కొయ్య ఓడ కట్టగల చేతులు అప్పటికే బ్రిటన్‌లో అరుదైపోయాయి. కానీ డండీలో ఉన్నాయి, తిమింగలాల వేట పుణ్యమా అని. అలెగ్జాండర్ స్టీఫెన్ అండ్ సన్స్ వాళ్ళ డండీ యార్డులో 1867లో నిమ్రాడ్, 1874లో బేర్, 1876లో అరోరా, 1884లో టెరా నోవా తయారయ్యాయి. అన్నీ వేట కోసమో, సీల్ చర్మాల వ్యాపారం కోసమో కట్టినవే. ధ్రువ యాత్రల చరిత్ర తెలిసినవాళ్ళు ఈ పేర్లు వింటే ఉలిక్కిపడతారు. దక్షిణ ధ్రువ యాత్రికుడు షాకిల్‌టన్‌ను తీసుకెళ్ళిన ఓడ నిమ్రాడ్. స్కాట్ ఆఖరి యాత్ర ఓడ టెరా నోవా. నూనె కోసం నేర్చుకున్న పని ధ్రువాల దాకా వెళ్ళింది. 1892లో డండీ నుంచి నాలుగు వేట ఓడలు దక్షిణ ధ్రువ సముద్రాలకు కూడా వెళ్ళి వచ్చాయి, ఆర్కిటిక్‌లో తిమింగలాలు తరిగిపోయి కొత్త చోటు వెతుక్కుంటూ. డిస్కవరీ పుట్టడానికి తొమ్మిదేళ్ళ ముందు మాట ఇది.

స్టీఫెన్ వాళ్ళ యార్డునే తర్వాత డండీ షిప్‌బిల్డర్స్ కంపెనీ తీసుకుంది. డిస్కవరీని కట్టింది వాళ్ళే. 1901 మార్చి 21న ఓడను నీళ్ళలోకి దింపారు. మొత్తం ఖర్చు దాదాపు 51,000 పౌండ్లు. పొడవు 172 అడుగులు.

ఇవన్నీ నేను బట్టీ పట్టాను. ఇంట్లో పాపకు అన్నం పెడుతూ అప్పజెప్పేదాన్ని. అయినా పెద్దాయన ముందు మొదటిసారి టూర్ చేసి చూపించాల్సిన రోజు అంతా తారుమారైంది. డెక్ మీద బాగానే చెప్పాను. కింద ఓడ ముక్కు భాగంలోకి వెళ్ళాక గోడ మందం గురించి చెప్పాలి. 26 అంగుళాలు అని నోట్లో ఉంది. లోపల ఓక్ దూలాలు, వాటికి రెండు వైపులా పలకల వరసలు, ఏ కొయ్య ఎక్కడో ఒక జాబితా. మొదటి రెండు పేర్లు చెప్పి ఆగిపోయాను. గొంతు ఎండిపోయింది. ఎంత టెన్షన్ పడ్డానంటే, ఇంగ్లీషులో తర్వాతి వాక్యం మొదలు కూడా దొరకలేదు. పెద్దాయనతో పాటు ఇంకో ఇద్దరు గైడ్లు ఓపిగ్గా చూస్తూ నిలబడ్డారు. ఈ రోజుకు చాలనుకుంటా అన్నారు ఆయన మెల్లగా. ఇంటికి నడిచి వెళ్తూ ఏడ్చాను. మానేద్దామనే అనుకున్నాను.

తర్వాతి వారం వెళ్ళేసరికి ఆయన జేబులోంచి పురికొస ఉండ తీశారు. టేపు పెట్టి 26 అంగుళాలు కొలిచి, కత్తితో కోసి, ఆ ముక్క నా చేతిలో పెట్టారు. కొయ్యల పేర్లు మర్చిపో, ఈ తాడు చివర్లు రెండూ వాళ్ళ చేతికి ఇచ్చి బిగబట్టమను, తర్వాత మాటలు వాటంతట అవే వస్తాయి అన్నారు.

ఆ తర్వాత ఆయన నన్ను ఓడ ముక్కులోకి తీసుకెళ్ళి గంటసేపు కూర్చోబెట్టారు. దీపం తక్కువ. చుట్టూ దూలాలు ఒకదానికొకటి అడ్డంగా, ఐమూలగా ఇరుక్కుని, ఏదో పెద్ద జంతువు పక్కటెముకల మధ్య కూర్చున్నట్టుంది. తారు వాసన, పాత కొయ్య వాసన. పలకల సందుల్లో నార కూరి, సుత్తితో దట్టించి, మీద తారు పోస్తేనే నీళ్ళు ఆగుతాయి. అక్కడా నారే! ఈ ముక్కు భాగంలో కొన్ని బోల్టులు ఎనిమిది అడుగులకు పైగా పొడవు. ముక్కు కింది నుంచి ఏటవాలుగా ఉంటుంది, బయట ఇనుప తొడుగు. మంచు ఎదురైతే ఓడ దాని మీదికి ఎక్కి, తన బరువుతో విరగ్గొట్టుకుంటూ పోవాలి. వెనక చుక్కానినీ ప్రొపెల్లర్‌నూ మంచు పట్టుకోకుండా పైకి లాగేసుకోవచ్చు. అడుగు భాగం నున్నగా, గుండ్రంగా ఉంటుంది, మంచుకు పట్టు దొరక్కూడదని. దానికి కట్టిన వెల ఏమిటంటే, మామూలు సముద్రంలో ఓడ విపరీతంగా ఊగేది. గోడలకు కిటికీలు లేవు, గోడ బలహీనపడుతుందని. వెలుతురు, గాలి కోసం డెక్ మీద పుట్టగొడుగుల్లాంటి ఇత్తడి గొట్టాలు పెట్టారు.

ఆ గంట తర్వాత ఫైలు మళ్ళీ తెరవాల్సిన అవసరం రాలేదు. ప్రతి వస్తువుకూ ఒక ఎందుకు ఉంది. ఆ ఎందుకు తెలిస్తే వరస తప్పదు. రెండోసారి టూర్ చేసి చూపించినప్పుడు ముందుగా తాడే తీశాను. సరే అన్నారు. మెళ్ళో వేసుకునే బ్యాడ్జి ఇచ్చారు.

నా మొదటి అసలు టూర్‌లో పదకొండు మంది, అందులో నలుగురు పిల్లలు. పిల్లలు తాడు కోసం కొట్టుకున్నారు. ఓడ మంచులో చిక్కుకున్న కథ చెప్పేటప్పుడు మాత్రం అందరూ నిశ్శబ్దంగా విన్నారు. 1901 ఆగస్టులో ఇంగ్లండ్ నుంచి బయల్దేరిన డిస్కవరీ అంటార్కిటికాలో మెక్‌మర్డో అనే చోట మంచులో ఇరుక్కుని రెండు చలికాలాలు కదల్లేదు. గోడలు తట్టుకున్నాయి. 1904 ఫిబ్రవరిలో రెండు ఓడలు వచ్చి, మంచును పేల్చి విడిపించాయి. ఆ రెండిట్లో ఒకటి టెరా నోవా. అంటే డండీ ఓడను విడిపించడానికి డండీ ఓడే వెళ్ళింది. ఈ మాట చెప్పినప్పుడల్లా ఊరివాళ్ళ ముఖాల్లో గర్వం చూడాలి!

నాకు అంతకంటే ఇష్టమైన ముక్క ఇంకొకటి. చాలామంది గైడ్లు దీన్ని గబగబా దాటేస్తారు. యాత్ర అయిపోయాక 1905లో ఓడను హడ్సన్స్ బే కంపెనీకి అమ్మేశారు, సరుకులు మోసింది. 1925 నుంచి 1927 దాకా దాన్ని మళ్ళీ దక్షిణ సముద్రాలకు పంపారు, ఈసారి తిమింగలాల గురించి పరిశోధన చేయడానికి, వేట వల్ల అవి అంతరించిపోకుండా ఏం చేయాలో తెలుసుకోవడానికి. తిమింగలాలను చంపి సంపాదించిన పనితనంతో పుట్టిన ఓడ అది. నేను ఆ చోట ఒక నిమిషం ఎక్కువే ఆగుతాను.

చివరికి ఓడ లండన్‌లో థేమ్స్ మీద చాలా ఏళ్ళు ఉండిపోయింది. 1986 ఏప్రిల్ 3న హ్యాపీ మెరైనర్ అనే ఇంకో ఓడ మీదికెక్కించి డండీకి తెచ్చారు. ఆ సాయంత్రం పెద్దాయన ఒడ్డున జనంలో ఉన్నారు. కాలెడన్ యార్డు పోయి అప్పటికి ఐదేళ్ళు. చీకట్లో దీపాలతో ఓడ వస్తుంటే మగవాళ్ళు కూడా కళ్ళు తుడుచుకున్నారని చెప్పారు. కాలెడన్ 1874లో మొదలైన యార్డు. దాని గురించి ఇంతకంటే ఎక్కువ ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు, నేనూ అడగలేదు.

పోయిన జూన్‌లో నాన్న వచ్చారు. ముందు ఆయన్ని వెర్డెంట్ వర్క్స్‌కు తీసుకెళ్ళాను, పాత మిల్లును జూట్ మ్యూజియంగా మార్చిన చోటు. ఈ ఊరి మిల్లుల్లో ఎక్కువమంది ఆడవాళ్ళే పనిచేసేవారని, పని దొరక్క ఇంట్లో ఉండే మగవాళ్ళను 'కెటిల్ బాయిలర్లు' అనేవారని, అంటే టీ నీళ్ళు కాచేవాళ్ళని, చెప్పాను. ఆయన నవ్వలేదు. మిల్లు మూతపడ్డాక రెండేళ్ళు అమ్మ కుట్టుమిషన్ మీదే మా ఇల్లు నడిచింది. "టీ పెట్టడం కూడా పనేనమ్మా" అన్నారంతే. యంత్రాల దగ్గర మాత్రం ఆయన నాకు గైడ్ అయ్యారు. ఏ రోలర్ ఎటు తిరుగుతుందో, ఎక్కడ వేలు నలుగుతుందో చేతులతో చూపించారు.

మధ్యాహ్నం ఓడ. నా షిఫ్టు లేని రోజే, అయినా బ్యాడ్జి పెట్టుకున్నాను. మొదటిసారి మొత్తం టూర్ తెలుగులో చెప్పాను. స్తంభం, తెరచాప, చుక్కాని, లంగరు... ఈ మాటలు నా నోట్లోంచి వచ్చి ఎన్నాళ్ళయిందో. ఓడ ముక్కులోకి వెళ్ళాక అలవాటు ప్రకారం జేబులోంచి తాడు తీసి, గోడ ఇంత మందం నాన్నా, 26 అంగుళాలు అన్నాను.

ఆయన తాడు అందుకున్నారు. ముందు మందం చూడలేదు. చివర పురి కాస్త విప్పి, వేళ్ళ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "జనపనారే. నూనె బాగా పట్టించారు" అన్నారు. తర్వాత మోచెయ్యి నుంచి వేలి చివరకు తాడు చాపి, మిగిలినదాన్ని మళ్ళీ మోచేతి దగ్గర నుంచి కొలిచారు.

"మూరన్నరకు కొంచెం తక్కువ" అని, గోడ మీద చెయ్యి ఆనించి అలాగే కాసేపు నిలబడ్డారు.

ఈ మధ్య తెలుగు పిల్లలు చదువుకోవడానికి ఇక్కడికి చాలామందే వస్తున్నారు. శనివారాలు వాళ్ళు ఓడ చూడటానికి వస్తే, ఆ చోట అంగుళాల లెక్క చెప్పడం మానేశాను. తాడు వాళ్ళ చేతికిచ్చి, మూర వేయమంటున్నాను.